పిల్లల నోట్లో ఒక పన్ను ఎక్కువ, రెండు తక్కువ: ఏది ఇప్పుడు చేయించాలి, ఏది ఆపాలి

ఎనిమిదేళ్ల పాప అనుకుందాం. తింటుంది, ఆడుతుంది, ఎత్తూ బరువూ వయసుకి తగ్గట్టే ఉన్నాయి, ఏ మందులూ వాడటం లేదు. కానీ పైన మధ్యలో రావాల్సిన రెండు ముందు పళ్లలో ఒకటే వచ్చింది. రెండోది రాకుండానే దాని పక్క పన్ను వచ్చేసింది, అదీ సన్నగా, మొన దేలి ఉంది. ఎక్స్‌రే తీస్తే రాని పన్నుకి అడ్డంగా ఒక అదనపు పన్ను కనిపించింది, కింద రెండు వైపులా పాల దవడ పళ్ల అడుగున ఉండాల్సిన పర్మనెంట్ పళ్లు అసలు లేవు, ఆరేళ్లకి వచ్చిన దవడ పన్ను ఒకటి పసుపు పచ్చగా మారి పెచ్చులు రాలుతోంది. ఇలా ఎక్కువా తక్కువా రెండూ ఒకే నోట్లో ఉండటం అరుదే. అయితే ఒక తేడా ఉన్న పిల్లల్లో వెతికితే రెండో తేడా దొరకడం అంత అరుదేం కాదు, ఎందుకంటే పళ్లు ఎన్ని రావాలి, ఎంత సైజుండాలి, ఏ దారిలో బయటికి రావాలి అనేవాటి వెనక చాలావరకు అవే జన్యువులు ఉంటాయి.

ఈ రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఒక డాక్టర్ మత్తిచ్చి అన్నీ ఒకేసారి తీసేద్దాం అంటారు, ఇంకో డాక్టర్ పద్దెనిమిదేళ్లు రానివ్వండి అప్పుడు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పళ్లు, పెట్టేద్దాం అంటారు, అమ్మమ్మేమో పన్ను మీద పన్ను వస్తే అదృష్టం, కదిలించకండి అంటుంది. పిల్లల పళ్లు చూసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇన్ని తేడాలున్నప్పుడు ఒక్కో పన్నుకి విడివిడిగా ఏ వైద్యం మంచిదని అడగడం దండగ. ఒక పన్ను పీకిస్తే ఇంకో పన్నుకి ఉన్న మంచి దారి మూసుకుపోవచ్చు, ఒకటి ఉంచితే ఇంకోదానికి చోటు లేకపోవచ్చు. అందుకే వరస, వయసు ఈ రెండే అసలు నిర్ణయాలు. మళ్లీ వెనక్కి తీసుకోలేని పని దేన్నైనా, నోరంతా ఒకసారి లెక్కేశాకే చేయించాలి.

మిగతా అంతా నిజంగా బాగుందా

దీన్ని పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు, అయినా చాలామంది అడగరు. జుట్టు, కనుబొమలు బాగా పల్చగా ఉన్నాయా? ఎండాకాలంలో చెమట పట్టకుండా ఒళ్లు కాలిపోతుందా? గోళ్లు సరిగా పెరగవా? వీటికి తోడు చాలా పళ్లు లేకపోవడం, ఉన్నవి మొనదేలి ఉండటం, పుట్టుకతోనే చర్మం, జుట్టు, పళ్లు సరిగా తయారవని ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా లక్షణాలు. సింధు ప్రాంతంలో ఒక కుటుంబంలో మగవాళ్లకే పళ్లూ జుట్టూ సరిగా రాకపోవడం, ఎండాకాలం వాళ్లకి నరకంగా ఉండటం గురించి 19వ శతాబ్దంలో డార్విన్ కూడా రాశాడు. ఇక భుజాలు రెండూ ముందుకి తెస్తే దాదాపు తగిలేంత దగ్గరికి వస్తున్నాయంటే, నోట్లో అదనపు పళ్లు బోలెడున్నాయంటే, మెడ కింది అడ్డ ఎముకలు పుట్టుకతోనే సరిగా తయారవని క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా అనుమానించాలి. చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతూ, పళ్లు బూడిద నీలం రంగులో మెరుస్తుంటే అది ఎముకలకీ పళ్లకీ కలిపి వచ్చే జబ్బు. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగులో పాలిప్స్ లేదా చిన్న వయసులోనే పేగు క్యాన్సర్ ఉంటే కూడా చెప్పండి. పళ్లు చాలా లేకపోవడానికి, అదనంగా రావడానికి కారణమయ్యే జన్యువుల్లో ఒకటి రెండింటికి దానితో సంబంధం ఉంది.

జ్ఞానదంతాలు వదిలేసి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ పళ్లు లేకపోతే జెనెటిక్స్ డాక్టర్‌ని ఒకసారి కలవడం మంచిదే. ఒకటో రెండో లేకపోవడం, ఒక పన్ను సన్నగా ఉండటం, ఒకటి అదనంగా ఉండటం వరకైతే, పైన చెప్పినవేవీ లేకపోతే, ఆ పాప ఆరోగ్యంగా ఉన్నట్టే. పరీక్షల మీద డబ్బులు పోయక్కర్లేదు.

మన దగ్గర దీనికి ఇంకో తలనొప్పి ఉంది, మేనరికం. మీది మేనరికం కాబట్టే ఇలా అయ్యింది అని తల్లి మొహం మీదే అనేస్తారు. పళ్లు ఒకటి రెండు తగ్గడం, ముందు పన్ను పక్క పన్ను సన్నగా రావడం ఎక్కువగా అమ్మానాన్నల్లో ఒక వైపు నుంచి వచ్చినా చాలు కనపడే రకం. నాన్నకి పక్క పన్ను సన్నగా ఉంటే కూతురికి అది పూర్తిగా లేకుండా పోవచ్చు. దానికి మేనరికాన్ని తిట్టి లాభం లేదు. నోట్లో ఉన్న ప్రతి పన్నుకీ, పాలపళ్లతో సహా, పై పొర పల్చగానో రంగు మారో ఉంటే మాత్రం మేనరికం ప్రశ్న అడగాల్సిందే, ఎందుకంటే పై పొర సరిగా తయారవని ఆ జబ్బులో కొన్ని రకాలు ఇద్దరి వైపు నుంచీ వస్తేనే బయటపడతాయి. గర్భంతో ఉండగా గ్రహణం చూసిందనే మాటకైతే ఇక్కడ చోటే లేదు.

ఎక్స్‌రేల్లో ఏది

మూడు రకాలు చెప్తారు: నోట్లో పెట్టి తీసే చిన్నవి, తల చుట్టూ మిషన్ తిరిగే ఓపీజీ, ఇంకా త్రీడీ స్కాన్, అంటే సీబీసీటీ. నా ఓటు ముందు ఓపీజీకే. ఒక్క ఫిల్మ్‌లో రెండు దవడలూ, లోపల తయారవుతున్న పళ్లన్నీ కనిపిస్తాయి. దాన్ని మీరే లెక్కపెట్టొచ్చు. డాక్టర్‌ని అడిగి స్క్రీన్ మీద పెట్టించుకోండి, మధ్య గీత దగ్గర నుంచి ఒక వైపుకి ఏడు పర్మనెంట్ పళ్లు రావాలి, నాలుగు ఏడులు ఇరవై ఎనిమిది, జ్ఞానదంతాలు ఈ వయసుకి చాలామందిలో ఇంకా కనపడవు. ఎనిమిదేళ్లప్పుడు కింది పాల దవడ పన్ను రెండు వేర్ల మధ్య చూడండి, అక్కడ తెల్లటి చిన్న టోపీలాంటి ఆకారం ఉంటే పన్ను తయారవుతున్నట్టు, ఉత్త బూడిద రంగు ఎముకే కనిపిస్తే లేనట్టు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కింది రెండో ప్రీమోలార్, అంటే ఆ పాల దవడ పన్ను కింద నుంచి రావాల్సినది, కొంతమంది పిల్లల్లో చాలా ఆలస్యంగా మొదలవుతుంది. ఆరేళ్లకి తీసిన ఫిల్మ్‌లో లేదన్నది తొమ్మిదేళ్ల ఫిల్మ్‌లో కనపడొచ్చు. కాబట్టి ఆరేళ్ల ఫిల్మ్ చూసి పన్ను లేదు, పాల పన్ను పీకేద్దాం అనే మాట ఎవరన్నా ఆగమని చెప్పండి.

ఓపీజీ రేడియేషన్ గురించి భయపడేవాళ్లకి: అది సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్ట్‌లు ఉంటుంది, మామూలుగా బతుకుతుంటే మట్టి నుంచీ ఆకాశం నుంచీ రెండు నాలుగు రోజుల్లో పడేంత. సీబీసీటీ అంతకన్నా ఎక్కువే, మిషన్‌ని బట్టి చాలా ఎక్కువ కూడా కావచ్చు. అది అదనపు పన్ను పక్క పన్ను వేరుకి ఎంత దగ్గరగా ఉంది, కోర పన్ను పక్క పన్ను వేరుని తినేస్తోందా లాంటి ప్రశ్న ఉంటేనే, అదీ ఆ ముక్క వరకే తీయించాలి. కొత్త మిషన్ కొన్నారు కాబట్టి అందరికీ తీసే చోట తీయించుకోవద్దు.

అదనపు పన్ను: ఇప్పుడు తీయించాలా, ఆగాలా

పై ముందు పళ్ల మధ్య వచ్చే ఈ అదనపు పన్నుని మీసియోడెన్స్ అంటారు, అదనపు పళ్లలో ఇదే ఎక్కువ, అబ్బాయిల్లో అమ్మాయిల కన్నా దాదాపు రెట్టింపు. రెండు రూపాల్లో వస్తుంది. మొనదేలినది చాలాసార్లు తనంతట తానే బయటికి వస్తుంది, మామూలు పన్ను పీకినట్టు పీకేయొచ్చు. గుండ్రంగా, పైన బుడిపెలతో ఉండేది లోపలే కూర్చుని ముందు పన్నుని రానివ్వదు.

ఆరేళ్లకే తీసేస్తే అడ్డు తొందరగా పోతుంది, ముందు పన్ను తనంతట తాను దిగే అవకాశం ఎక్కువ. కానీ అప్పటికి పక్కనున్న పర్మనెంట్ పన్ను వేరు సగం కూడా తయారై ఉండదు, దానికి దెబ్బ తగిలే భయం ఉంటుంది, పైగా ఆ వయసు పిల్లల్ని కూర్చోబెట్టడం కష్టం, పూర్తి మత్తు కావాల్సి రావచ్చు. ఎనిమిది తొమ్మిదేళ్ల దాకా ఆగితే సర్జన్‌కి పని సులువు, పాప కూడా మాట వింటుంది. ఈలోగా పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగిపోతే మాత్రం తర్వాత క్లిప్పులు వేసి చోటు చేయాల్సి వస్తుంది.

డాక్టర్లలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. నా లెక్క సింపుల్: ముందు పన్నుకి అడ్డు పడుతుంటే, ఒక వైపు పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండో వైపుది రాకపోతే, ఆగడంలో అర్థం లేదు. పక్క పన్ను ముందొచ్చి మధ్య పన్ను రాకపోవడం అన్నిటికన్నా గట్టి గుర్తు. ఏ అడ్డూ లేకుండా పైన ఎక్కడో పడుకుని ఉంటే, ఏడాదికోసారి ఫిల్మ్ చూసుకుంటూ ఆగొచ్చు, కొన్నిటిని జీవితాంతం వదిలేసినా ఏమీ కాదు. తీశాక ముందు పన్ను దిగడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ పన్నుకి చోటు ఉందో లేదో చూసుకోవాలి, పాల పన్ను ఇంకా అడ్డుంటే అదీ తీయించాలి. అప్పటికీ రాకపోతే చిగురు తెరిచి, పన్నుకి చిన్న బటన్ అంటించి, సన్నని గొలుసుతో కిందికి లాగుతారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టులకి ఇది రోజువారీ పనే. మన పాప విషయంలో మిగతా అన్నిటికన్నా ముందు జరగాల్సిన పని ఇదొక్కటే.

లేని పళ్లు: ఉంచడం, మూయడం, పెట్టించడం

ఎక్కువ డబ్బూ, ఎక్కువ గొడవా, ఎక్కువ తప్పుడు సలహాలూ ఇక్కడే.

జ్ఞానదంతాలు కాకుండా చూస్తే ఎక్కువగా లేకుండా పోయేవి కింది రెండో ప్రీమోలార్, పై పక్క పన్ను, అంటే పైన మధ్య పన్నుకీ కోర పన్నుకీ మధ్యలోది. మొదట కింద చూద్దాం. పర్మనెంట్ పన్ను లేదంటే దాని మీదున్న పాల దవడ పన్నుని ఎవరూ తోయరు, కాబట్టి అది ఊడదు. పిప్పి పట్టకుండా, వేరు కరగకుండా ఉంటే నలభై ఏళ్ల దాకా కూడా నడిచే పాలపళ్లు ఉన్నాయి. మొదటి దారి, అది ఉంచేయడం. ఖర్చు లేదు, నొప్పి లేదు. ఈ పాల పన్ను వెడల్పు 10 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, దాని చోట రావాల్సింది 7 మిల్లీమీటర్లే, అందుకే పళ్లు కరవడంలో కొంచెం తేడా వస్తుంది, కావాలంటే తర్వాత పక్కలు కొంచెం అరగదీసి సన్నం చేస్తారు.

ఉంచకూడనిది ఒకటుంది. కొన్ని పాలపళ్లు ఎముకకి అతుక్కుపోతాయి. చుట్టూ ఉన్న పళ్లూ ఎముకా పెరుగుతుంటే అది అక్కడే ఆగిపోయి, చూడ్డానికి పన్ను కిందికి దిగిపోయినట్టు ఉంటుంది. డాక్టర్ అద్దం పిడితో తడితే పక్క పన్ను మెత్తగా టప్ మంటుంది, ఇది ఖణేల్‌మని గట్టిగా మోగుతుంది, దగ్గర కూర్చున్న అమ్మకి కూడా తేడా వినిపిస్తుంది. పక్క పన్ను కన్నా ఒక మిల్లీమీటరు తేడా ఉంటే ఫొటోలు తీసి పెట్టుకుని చూస్తూ ఉండొచ్చు. ఎనిమిదీ పదేళ్ల మధ్యే బాగా దిగిపోయి పక్క పళ్లు దాని మీదికి ఒరుగుతుంటే తీసేయడమే మంచిది, పెరిగేకొద్దీ అది ఇంకా లోతుకి వెళ్తుంది, అప్పుడు పీకడం ఎముకతో యుద్ధం.

రెండో దారి, పాల పన్ను ముందే తీసేసి, వెనక దవడ పన్నుని ముందుకి రానిచ్చి ఖాళీ మూసేయడం. దవడ ఇరుకుగా ఉండి, ఎలాగూ క్లిప్పులు పడేలా ఉంటే ఇది చాలా మంచి దారి. జీవితాంతం కట్టుడు పన్ను గోల ఉండదు. చిన్న వయసులో, ఎనిమిది తొమ్మిది మధ్య తీస్తే వెనక పన్ను చాలావరకు తనే నడిచొస్తుంది, మిగతాది క్లిప్పులు చూసుకుంటాయి. కానీ పళ్ల మధ్య ఇప్పటికే సందులుండి, పై పళ్లు కింది పళ్లని బాగా కప్పేస్తుంటే ఈ దారి వద్దు. ముఖం కింది భాగం లోపలికి పోయినట్టు అవుతుంది.

మూడోది, తర్వాత కృత్రిమ పన్ను పెట్టించడం. దీని గురించి ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే చాలు. దవడ పెరుగుదల ఆగేవరకు ఇంప్లాంట్ పెట్టకూడదు, మామూలుగా అమ్మాయిల్లో 18 దాటాక, అబ్బాయిల్లో 20 దాటాక. ఇంప్లాంట్ ఎముకకి అతుక్కుపోయిన పన్నులాగే ఉంటుంది, చుట్టూ పెరుగుతుంటే అది పెరగదు. పద్నాలుగేళ్లకి పెట్టించిన ముందు పన్ను ఇంప్లాంట్ ఇరవై ఐదు వచ్చేసరికి పైకి పోయి పొట్టిగా కనిపిస్తుంది, దాన్ని బాగు చేయడం కొత్తగా పెట్టడం కన్నా కష్టం. దాదాపు పళ్లే లేని పిల్లల్లో కింది దవడ ముందు భాగంలో తప్ప దీనికి మినహాయింపు లేదు. టెన్త్ అయిపోయింది కదా సెలవుల్లో ఇంప్లాంట్ పెట్టించేద్దాం అనే ప్యాకేజీకి అందుకే దండం పెట్టండి.

ఆలోగా ఎలా అంటే రెండున్నాయి. తీసి పెట్టుకునే ప్లేటుకి ఒక పన్ను అతికించి ఇస్తారు, చవక, క్లిప్పులు తీశాక పళ్లు కదలకుండా కూడా పట్టుకుంటుంది, కానీ పిల్లలు టిఫిన్ బాక్సులో, పెళ్లి భోజనాల దగ్గర ఆకులో పెట్టి పారేస్తారు, ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. రెండోది, పక్క పన్ను వెనక రెక్కలా అంటించే బ్రిడ్జి. పన్నుని దాదాపు అరగదీయరు, ఒకే వైపు అంటించిన రకం ముందు పళ్లకి బాగా నిలుస్తుంది, ఊడినా మళ్లీ అంటించొచ్చు. టీనేజ్ పిల్లలకి నేను దీన్నే ఇష్టపడతాను, కొందరికి ఇంప్లాంట్ అవసరమే రాదు. రెండు పక్కల మంచి పళ్లు అరగదీసి వేసే మామూలు బ్రిడ్జి మాత్రం ఈ వయసులో వద్దే వద్దు. చిన్నపిల్లల పన్ను లోపల నరం గది పెద్దగా ఉంటుంది, అరగదీస్తే రూట్ కెనాల్ దాకా పోవచ్చు.

పై పక్క పన్ను లేకపోతే కోర పన్నుని దాని చోటికి తెచ్చి, మొన తగ్గించి, పన్ను రంగులో అంటించే కాంపోజిట్‌తో ఆకారం మార్చడం, లేదా ఖాళీ తెరిచి ఉంచి తర్వాత పన్ను పెట్టడం. కోర పన్ను కొంచెం పసుపుగా, లావుగా ఉంటుంది, అందుకే కొంతమంది అమ్మానాన్నలకి మొదటి దారి నచ్చదు. నాకైతే ఇరుకు దవడలో సొంత పళ్లతో నిండిన నోరే నచ్చుతుంది, ముప్పై ఏళ్లకి చిగుళ్లు ఎలా ఉంటాయో అనే బెంగ తక్కువ. అయితే ఒక వైపు పన్ను లేకుండా రెండో వైపు సన్న పన్ను ఉన్నప్పుడు రెండు వైపులా సమంగా కనపడటం కోసం ఆ సన్న పన్నుని కూడా తీసేయాలా అనే ప్రశ్న వస్తుంది, దానికి ముఖం, పెదవి, నవ్వినప్పుడు ఎంత చిగురు కనిపిస్తుంది అన్నీ చూసి చెప్పాలి, ఫొటో చూసి వాట్సాప్‌లో చెప్పే విషయం కాదు.

ఇంకో దారి కూడా ఉంది, పాప సొంత ప్రీమోలార్‌నే ఒకదాన్ని తీసి లేని చోట నాటడం. వేరు మూడింట రెండు వంతులు తయారైన వయసులో చేస్తే బాగా పడుతుంది, పక్కనున్న ఎముకతో పాటే పెరుగుతుంది, ఇంప్లాంట్‌కి లేని గుణం అదే. చేయి తిరిగినవాళ్లు తక్కువ, పైగా తీయడానికి వీలైన పన్ను ఇంకో చోట ఉండాలి. కింద రెండు ప్రీమోలార్లు లేని పాపకి ఆ వీలు ఎంతవరకు ఉంటుందో మీరే ఆలోచించండి.

సన్న పన్ను

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పిల్లలకి కాంపోజిట్, పెద్దయ్యాక కావాలంటే పింగాణీ. పన్నుని శుభ్రం చేసి, జెల్ రాసి కడిగేస్తే మెరుపు పోయి మంచు పట్టినట్టు తెల్లగా అవుతుంది, దాని మీద బాండ్, ఆ తర్వాత పన్ను రంగు కాంపోజిట్ పొర మీద పొర పెట్టి నీలం లైటుతో గట్టిపరుస్తారు. మత్తు అక్కర్లేదు, సూది అక్కర్లేదు, పన్ను అరగదీయరు, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. కొన్నేళ్లకి అంచు విరగొచ్చు, టీ కాఫీ మరక పట్టొచ్చు, మళ్లీ సరిచేస్తారు. వెనీర్ (పన్ను ముందు అంటించే పల్చటి రేకు), క్యాప్ లాంటివి అడిగినా పద్దెనిమిది దాకా ఒప్పుకోవద్దు, చిగురు ఇంకా వెనక్కి జరుగుతుంది, అంచు బయటపడుతుంది. క్లిప్పులు వేయబోతుంటే, కాంపోజిట్ ముందా తర్వాతా అనేది ఆర్థోడాంటిస్ట్‌ని అడగండి, సాధారణంగా చోటు సమంగా పంచాకే ఆకారం దిద్దితే బాగుంటుంది.

ఆ సన్న పన్ను వెనక భాగంలో సూది మొనంత గుంట ఉందేమో చూడమనండి. లోపలికి మడత పడిన పన్నైతే ఆ గుంట ద్వారా క్రిములు నరం దాకా పోతాయి, పిప్పి కనపడకుండానే చీము పడుతుంది. ముందే సీలెంట్‌తో మూసేస్తే అయిపోయేదానికి తర్వాత కష్టమైన రూట్ కెనాల్ దేనికి?

సన్న పన్ను ఉన్న పిల్లల్లో కోర పన్ను దారి తప్పడం కూడా ఎక్కువ. తొమ్మిది పదేళ్ల మధ్య, పై పెదవి ఎత్తి చిగురు పైభాగం మీద వేలు పెట్టి నొక్కితే రెండు వైపులా గట్టి ఉబ్బు తగలాలి. ఒక వైపే తగిలితే, లేక తగలకపోతే, ఫిల్మ్ తీయించాలి. అంగిలి వైపు పోతున్న కోర పన్నుకి, 10 నుంచి 13 ఏళ్ల మధ్య పాల కోర పన్నుని ఒక్కదాన్ని తీసేస్తే చాలాసార్లు దారికొస్తుంది. 1988లో స్వీడన్‌లో ఎరిక్సన్, క్యురోల్ అనే ఇద్దరు చూసిన 46 పళ్లలో 36 అలాగే సర్దుకున్నాయి. కోర పన్ను పక్క పన్ను వేరుని సగం దాటి ముందుకి పోయి ఉంటే అవకాశం తగ్గుతుంది. పది నిమిషాల పని, తర్వాత రెండేళ్ల సర్జరీ, క్లిప్పుల గోల తప్పొచ్చు.

రాలుతున్న దవడ పన్ను

ఆరేళ్లకి వచ్చే దవడ పళ్ల మీదా, ముందు పళ్ల మీదా పసుపు, గోధుమ మచ్చలు గీసినట్టు అంచులతో ఉంటే అది ఎమ్ఐహెచ్, అంటే లోపల తయారవుతున్నప్పుడే పన్ను పై పొర సరిగా గట్టిపడకపోవడం. ఫ్లోరైడ్ మచ్చలు వేరు, అవి రెండు వైపులా ఒకేలా, చాలా పళ్ల మీద మబ్బు మబ్బుగా ఉంటాయి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు నమోదు చేసిన నాటి నుంచి గార పళ్లంటే మనకి కొత్త కాదు, నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లలకి డాక్టర్ కూడా అలవాటుగా ఫ్లోరోసిస్ అనేస్తారు. ఒక దవడ పన్ను పాడై, దాని జోడీ నిగనిగలాడుతుంటే ఫ్లోరైడ్ మీద తోసేయడానికి లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు, అనుమానం ఉంటే పరీక్ష చేయించుకోవచ్చు.

ఎమ్ఐహెచ్ పన్ను చల్లనీళ్లకే జివ్వుమంటుంది కాబట్టి పాప ఆ వైపు బ్రష్ పెట్టదు, పిప్పి ఇంకా తొందరగా వస్తుంది. కొంచెం పాడైతే సిమెంట్ లేదా కాంపోజిట్. సగం రాలిపోతుంటే స్టీల్ క్యాప్. చూడ్డానికి వెండి రంగులో ఉంటుంది, నానమ్మకి నచ్చదు, పాపకి నొప్పి పోతుంది, పెద్దయ్యాక మార్చొచ్చు. పై పొరంతా పోయి నరం దగ్గరికి వచ్చేస్తే పీకడం. ఎనిమిదీ పదేళ్ల మధ్య, వెనక రెండో దవడ పన్ను ఇంకా లోపలే తయారవుతున్న టైములో పీకితే అది ముందుకి జరిగి ఆ చోటు నింపేస్తుంది, కింది దవడలో ఈ టైమింగ్ మరీ ముఖ్యం.

అందరూ జారిపడే చోటు సరిగ్గా ఇదే. ఎనిమిదేళ్లు, బాగా పాడైంది, కరెక్ట్ వయసు, పీకేద్దాం అని డాక్టర్ అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ మన పాపకి అదే వైపు ముందున్న ప్రీమోలార్ లేదు. దవడ పన్ను పీకించాక ఆ పాల పన్ను కూడా ఎప్పుడో పోతే పక్కపక్కన రెండు పళ్ల ఖాళీ మిగులుతుంది. ఇలాంటప్పుడు స్టీల్ క్యాప్ వేసి కొన్నేళ్లు ఈడ్చడం చాలాసార్లు మేలు. లేదా అసలు లెక్కే తిరగేసి, పాడైన దవడ పన్ను తీసి గట్టిగా ఉన్న పాల పన్నుని ఉంచాలా, పాల పన్ను తీసి దవడ పన్నుని బాగు చేసి ముందుకి లాగాలా అని ఆర్థోడాంటిస్ట్, పిల్లల డెంటిస్ట్ ఇద్దరూ ఒకే ఫిల్మ్ ముందు కూర్చుని తేల్చాలి. ఓపీజీ చూడకుండా పర్మనెంట్ దవడ పన్ను పీకే చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

దగ్గర్లో ఉన్న డెంటల్ క్లినిక్ మొదటి చూపుకి చాలు. ఇన్ని తేడాలున్నప్పుడు మాత్రం పీడోడాంటిస్ట్ (పిల్లల డెంటిస్ట్), ఆర్థోడాంటిస్ట్, సర్జన్ ఒకే కప్పు కింద ఉండే చోటు మంచిది. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, విభాగాలన్నీ ఉంటాయి, కాకపోతే క్యూలు, వాయిదాలు తప్పవు, స్కూలు పోతుంది. ప్రైవేటులో టైము కలిసొస్తుంది, కానీ ఒక్కొక్కరూ తమ పని వరకే చూసి పంపించేస్తే మొత్తం ప్లాన్ ఎవరి దగ్గరా ఉండదు. ఎక్కడికెళ్లినా ఒకటే అడగండి: ఈ పాపకి పద్దెనిమిది వచ్చేసరికి ఏ పన్ను ఎక్కడుంటుందో ఒక కాగితం మీద గీసి ఇస్తారా అని. గీసి ఇచ్చేవాళ్ల దగ్గర ఉండిపోండి.

మన పాపకైతే ఆ కాగితం ఇంచుమించు ఇలా ఉంటుంది. ఎనిమిదేళ్లకి అదనపు పన్ను తీయించడం, పాడైన దవడ పన్నుకి స్టీల్ క్యాప్, సన్న పన్ను వెనక గుంట ఉంటే సీలెంట్. తొమ్మిదీ పది మధ్య కోర పళ్లు తడిమి చూడటం, మళ్లీ ఓపీజీ, కింద ప్రీమోలార్లు నిజంగానే లేవని ఖాయం చేసుకోవడం, దవడ ఇరుకా విశాలమా చూసి పాల పళ్లు ఉంచాలా తీయాలా తేల్చుకోవడం. పన్నెండు పదమూడుకి క్లిప్పులు, అవి తీశాక సన్న పన్నుకి కాంపోజిట్. ఇంప్లాంట్ మాట పద్దెనిమిది దాటేదాకా ఎత్తకూడదు. ఈ లోపల తీసిన ప్రతి ఫిల్మ్ కాపీ మీ ఫోన్లోనే కాకుండా ఈమెయిల్‌లో కూడా పెట్టుకోండి, క్లినిక్‌లు మారతాయి, పాత ఫిల్మ్ లేకపోతే పాల పన్ను ఎంత దిగిందో కొత్త డాక్టర్‌కి తెలియదు.

పాపకి చెల్లో తమ్ముడో ఉంటే, వాళ్లకి ఏ ఇబ్బందీ కనపడకపోయినా, ఎనిమిది తొమ్మిదేళ్ల మధ్య పళ్లు లెక్కపెట్టించి, ఏదైనా తేడా అనిపిస్తే ఒక ఓపీజీ తీయించండి, అక్క ఫిల్మ్ కూడా పట్టుకెళ్లండి.